పరుగు ఆగని క్రియ

ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకు మొదట్లోనే పరిచయమయ్యే క్రియల్లో రన్ ఒకటి. రాయడానికి వాళ్ళ లిపిలో మూడక్షరాలు, పలకడానికి రెప్పపాటు కాలం చాలు. ఆ ఒక్క క్రియకు ఎన్ని అర్థాలున్నాయో తేల్చి వరుస పెట్టడానికి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన పీటర్ గిల్లివర్‌కు తొమ్మిది నెలలు పట్టింది. చివరికి తేలిన లెక్క 645. నామవాచకంగా వాడే రన్ ఈ లెక్కలో చేరలేదు. అచ్చంగా క్రియగా వాడినప్పటి అర్థాలే ఇన్ని. 1928లో ముగిసిన తొలి కూర్పులో సెట్ అనే క్రియది అగ్రస్థానం. కొత్త కూర్పు పని సాగుతుండగా, 2011 నాటికి రన్ దాన్ని దాటిపోయింది.

చిన్నమాట కోసం ఒక పండితుడు తొమ్మిది నెలలు కూర్చోవడం మనసారా గౌరవించవలసిన సంగతి. ఆ పని తీరు తెలిస్తే గౌరవం ఇంకా పెరుగుతుంది. ఆ నిఘంటువులో అర్థాన్ని ఎవరూ ఊహించి రాయరు. ముందు వాక్యాలు కావాలి. ఏ రచయిత ఏ సంవత్సరంలో ఆ మాటను ఎలా వాడాడో చూపే వాక్యాలను కుప్ప పోసుకుని, ఒకే తీరువాటిని ఒకచోట చేర్చి, ఈ గుట్టకూ ఆ గుట్టకూ ఉన్న తేడా నిజమైనదేనా అని తరచి చూసి, అప్పుడు అర్థం రాస్తారు. ప్రతి అర్థం కిందా తొలి ప్రయోగం మొదలు ఈమధ్యవాటి దాకా తేదీలతో సహా కనిపిస్తాయి. 1879లో ఈ భారాన్ని తలకెత్తుకున్న జేమ్స్ ముర్రే తన పెరట్లో ఇనుప రేకుల షెడ్డు వేయించి, గోడల నిండా చీటీల అరలు పెట్టించాడు. ఎక్కడెక్కడి పాఠకులో పుస్తకాలు చదువుతూ, కంటపడిన ప్రయోగాలను చీటీల మీద రాసి, పైసా తీసుకోకుండా ఆయనకు పంపారు. తొలి భాగం 1884లో వెలువడింది. 1915లో టి అక్షరం దగ్గర పని చేస్తూ ఆయన కన్నుమూశాడు. నిఘంటువు పూర్తికావడానికి ఆ తర్వాత మరో పదమూడేళ్ళు పట్టింది. తొలి కూర్పులో అచ్చయిన ఉదాహరణ వాక్యాలు 18 లక్షల పైమాటే.

చిన్న క్రియల బరువు అంతకు చాలా ముందే ఒకరికి తెలిసింది. 1755లో శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లీషు నిఘంటువుకు రాసుకున్న ముందుమాటలో, తనను ఎక్కువ కష్టపెట్టినవి పెద్ద పదాలు కావనీ, బ్రేక్, కమ్, గెట్, గివ్, పుట్, సెట్, గో, రన్, మేక్, టేక్, టర్న్ వంటి నిత్యం నోట నలిగే క్రియలేననీ మొరపెట్టుకున్నాడు. వాటి వాడుక అంత విశాలం, అర్థం అంత పలచన. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాయో గీత గీయడం కుదరదు. ఒక్క టేక్‌కే ఆయన 134 అర్థాలు రాయవలసి వచ్చింది. శాస్త్రగ్రంథాల్లో కనిపించే బారెడు పదానికి అర్థం ఒకటే ఉంటుంది, ఎన్నేళ్ళయినా అదే ఉంటుంది. ఉమ్మడి కుటుంబంలో ఎవరికి ఏ అవసరం వచ్చినా పెద్దకోడలినే పిలిచినట్టు, భాషలో కొత్త అవసరం వచ్చినప్పుడల్లా జనం చిన్న క్రియనే పిలుస్తారు.

ఇంతకీ రన్‌కు మొదటి పని ఏమిటి? కాళ్ళతో పరుగెత్తడమే అసలు అర్థమనీ, నదికీ ముక్కుకూ కుళాయికీ తర్వాత దాన్ని అంటగట్టారనీ అనుకుంటాం. దాని పుట్టుక చూస్తే అలా కనిపించదు. పాత ఇంగ్లీషులో దాని రూపం రిన్నన్. నీరు పారడం దాని తొలి అర్థాల్లోనే ఉంది. సముద్రం దాటి వచ్చి ఇంగ్లండులో స్థిరపడిన స్కాండినేవియా జనం నోట ఉన్న అలాంటి మాటే దీనికి మరింత బలం చేకూర్చింది. జర్మన్ భాషలో నేటికీ ఈ కుదురుకు చెందిన క్రియలు రెండున్నాయి. రిన్నెన్ అంటే పారడం, రెన్నెన్ అంటే పరుగెత్తడం. ఇంగ్లీషులో ఆ రెండూ ఒకే రూపంలో కలిసిపోయాయి. కాబట్టి నది రన్ అవుతుందన్నప్పుడు ఇంగ్లీషువాడు అలంకారం ప్రయోగించడం లేదు, మాటను దాని పాత అర్థంలోనే వాడుతున్నాడు. జున్నుగడ్డ చేసేటప్పుడు పాలు విరగడానికి వేసే రెన్నెట్ అనే పదార్థం పేరు కూడా ఈ ఇంటిదే. పాలు ఒకచోటికి పారి గడ్డకట్టడం అందులోని భావం.

ఇక్కడ మన పారు క్రియను తలచుకోకుండా ముందుకు పోలేం. కాలవ పారుతుంది. దొంగ పారిపోతాడు. ఒకటి నీటి పని, ఒకటి కాళ్ళ పని. పాత పుస్తకాల్లో దీన్ని బండి ఱ తో పాఱు అని రాసేవారు, అర్థాలు మాత్రం అప్పుడూ ఈ రెండే. పరుగు అనే మాటదీ ఇదే కుదురు. ఇంగ్లీషుతో ఏ చుట్టరికమూ లేని ద్రావిడ భాషలో, వాళ్ళ నీడ కూడా సోకని కాలంలో, మన పూర్వులు కూడా వాగును, గుర్రాన్ని, భయపడి పోతున్న మనిషిని చూసి ఒకే కదలిక అనుకున్నారు. ఇంతటి పోలిక ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. మనిషి కంటికి లోకం ఎక్కడైనా ఇలాగే కనిపించి ఉంటుంది.

పారు అక్కడితో ఆగలేదు. జూదంలో పాచిక పారింది. ఆ ఊపులో, పన్నిన ఎత్తు ఫలించకపోతే పాచిక పారలేదనడం నానుడి అయింది. సేద్యంలో అది ఇంకా ముందుకు వెళ్ళింది. ‘మడి పారిందా’ అని రైతు అడిగితే పారింది మడి కాదు, మడికి కట్టిన నీళ్ళు. అయినా ఆ వాక్యంలో కర్త మడే. ఈ బోరు కింద రెండెకరాలు పారుతుందంటారు. నీటి వసతి ఉన్న నేల పారకం అయింది. ప్రభుత్వంలో ఒక శాఖకు నీటిపారుదల అని పేరొచ్చింది. ఒక్క క్రియ కాలవ గట్టు దిగి ఎకరాల లెక్క దాకా, సచివాలయం దాకా వచ్చింది.

అన్నిటికన్నా ముచ్చటైనది మరొకటి ఉంది. ఇంగ్లీషులో బావి ఎండిపోతే రన్ డ్రై అంటారు. సరుకు తగ్గితే రన్ లో, భయంతో ఒళ్ళు చల్లబడితే నెత్తురు రన్ కోల్డ్ అంటారు. ఇక్కడ పరుగూ లేదు, పారడమూ లేదు. ఒక స్థితి నుంచి మరో స్థితికి మారడం ఉంది. మన పారు సరిగ్గా ఈ పనే చేసింది. వెండి నల్లబారుతుంది. కన్ను ఎర్రబారుతుంది. పొలం బీడువారుతుంది, నేల బీటలువారుతుంది. ఆ బారు, ఈ వారు వేరేవి కావు, సంధిలో పకారం మెత్తబడి బకారమో వకారమో అయిన పారు క్రియే. రోజూ పొద్దున్నే మనం అనే తెల్లవారింది అన్న మాటలో కూడా ఉన్నది అదే. చీకటి తెలుపులోకి పారింది అన్నమాట. బడిలో వ్యాకరణం చెప్పేటప్పుడు పిల్లలకు ఈ ఒక్క సంగతి చూపిస్తే, గసడదవాదేశ సంధి పరీక్ష కోసం బట్టీపట్టే సూత్రంగా మిగలదు.

ఇలా రెండు భాషలూ చాలా దూరం పక్కపక్కనే నడిచాయి. యంత్రాల దగ్గర దారులు విడిపోయాయి.

ఇంగ్లండులో తిరిగే ప్రతిదానికీ రన్ అన్నారు. మిల్లు రన్ అయింది, గడియారం రన్ అయింది. తర్వాత ఆవిరి ఇంజను వచ్చింది. 1825లో స్టాక్‌టన్, డార్లింగ్టన్ పట్టణాల మధ్య, 1830లో లివర్‌పూల్, మాంచెస్టర్ నగరాల మధ్య రైలు దారులు తెరుచుకున్నాయి. రైలు రన్ అయింది. రైలును నడిపే మనిషికీ ఆ క్రియ అందింది. రైలును రన్ చేసేవాడు ఉన్నప్పుడు ఫ్యాక్టరీని, దుకాణాన్ని, బడిని, చివరకు దేశాన్ని రన్ చేసేవాడు కూడా ఉండవచ్చు కదా. అక్షర ప్రపంచంలో పత్రిక ఒక వార్తను రన్ చేస్తుంది. వైద్యుడు పరీక్షలు రన్ చేస్తాడు. సెట్‌ను రన్ దాటిపోవడానికి యంత్రయుగమే కారణమని, ఆ నిఘంటువు చరిత్ర రాసిన సైమన్ వించెస్టర్ అభిప్రాయం. పెట్టినచోట ఉండటం సెట్ స్వభావం. కదలిక రన్ స్వభావం. రెండు శతాబ్దాలుగా లోకం కదలిక వైపు మొగ్గింది కనుక క్రియల బలాబలాలు కూడా మారాయన్నది ఒప్పుకోదగిన మాటే.

కంప్యూటర్ వచ్చాక మరో పొర చేరింది. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో కెమెనీ, కుర్ట్జ్ అనే ఇద్దరు ఆచార్యులు విద్యార్థుల కోసం బేసిక్ అనే సులువైన భాష తయారుచేశారు. రాసిన ఆదేశాలన్నీ అమలు కావాలంటే రన్ అని టైపు చేయాలి. మన దేశంలో 1984లో క్లాస్ అనే పథకం కింద పాఠశాలలకు కంప్యూటర్లు అందినప్పుడు, బీబీసీ మైక్రో యంత్రాల ముందు కూర్చున్న పిల్లలు టైపు చేసిందీ ఆ మూడక్షరాలే. ఈనాడు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, డాలస్‌లోనో ఉద్యోగం చేసే తెలుగు ఇంజనీరు నోట రోజుకు ఎన్నిసార్లు రన్ అనే మాట వస్తుందో చెప్పలేం. అతడు ఆ మాటను కాళ్ళతో ముడిపెట్టి ఆలోచించడు. అది అతడి పనిముట్టు.

తెలుగు మాత్రం యంత్రాన్ని పరుగెత్తించలేదు. ఆడించింది. వడ్ల మిల్లు ఆడుతుంది, గానుగ ఆడుతుంది, చేలో మోటారు ఆడుతుంది. చెరకు ఆడిస్తారు, నువ్వులు ఆడిస్తారు. కోస్తాలో పిండి ఆడిస్తారు, తెలంగాణలో పిండి పట్టిస్తారు. సినిమా వంద రోజులు ఆడుతుంది. ఈ ఆడు క్రియను ఒక్కసారి తీరిగ్గా చూడాలి. పిల్లలు ఆడతారు, చెట్టు కొమ్మ గాలికి ఆడుతుంది, ఊపిరి ఆడదు, కంగారులో చెయ్యి ఆడదు. చేతిలో డబ్బు ఆడితే ఇల్లు కళకళలాడుతుంది. అబద్ధమాడతారు, బేరమాడతారు, వేటాడతారు, పోట్లాడతారు, చివరికి పెళ్ళాడతారు. గర్భిణి నీళ్ళాడిందంటే కాన్పయిందని అర్థం, ఆ మాటలో ఎంత మర్యాద ఉందో వేరే చెప్పనక్కర్లేదు. కదలిక, ఉచ్చారణ, క్రీడ, పని జరగడం, ఒకరితో ఒకరు తలపడటం, ఇన్ని భావాలు ఒక్క రెండక్షరాల మాటలో ఒదిగాయి. ఎవరైనా చీటీలు రాసుకుంటూ కూర్చుంటే దీనికీ తొమ్మిది నెలలు చాలవేమో.

ఇక నడక. ఇంగ్లీషులో పరుగెత్తేవాటిలో చాలావాటిని మనం నడిపిస్తాం. బండి నడుస్తుంది, బడి నడుస్తుంది, కోర్టులో దావా నడుస్తుంది. సంసారం నడపడం, పత్రిక నడపడం, ఊరి వ్యవహారం నడపడం ఉన్నాయి. జాతకం చూసేవారు శని దశ నడుస్తోందంటారు. రైల్వే స్టేషన్‌లో బండి రెండు గంటలు ఆలస్యంగా నడుస్తోందని మైకులో చెబుతారు. 1932లో నిజాం ప్రభుత్వ రైల్వే ఇరవయ్యేడు బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టిన నాటి నుంచి నేటి దాకా ఈ నేల మీద బస్సులు నడుస్తూనే ఉన్నాయి. తెలంగాణలో ఒక పని సరిగ్గా కుదరకపోయినా సర్దుకుందామనడానికి ‘నడుస్తది తీ’ అంటారు, ఆ రెండు మాటల్లో ఓర్పు, చనువు, కాస్త ఉదాసీనత మూడూ ఉంటాయి. మనిషి గుణానికి నడత అనీ నడవడి అనీ పేరు పెట్టిన భాష మనది. సంస్థనైనా కుటుంబాన్నైనా నడపాలి అనుకున్న భాషలో, నడిపేవాడు వెంట ఉండాలన్న భావం కూడా ఉన్నట్టు తోస్తుంది. పరుగెత్తించడంలో ఆ దగ్గరితనం లేదు.

ఎన్నికల మాట కూడా చెప్పుకోవాలి. అమెరికాలో అభ్యర్థి పదవి కోసం రన్ అవుతాడు, బ్రిటన్‌లో స్టాండ్ అవుతాడు. ఒకే ఇంగ్లీషు, రెండు ఊహలు. మన పల్లెల్లో సర్పంచి పదవికి ఫలానా ఆయన నిలబడ్డాడంటారు. క్రికెట్‌లో తొలినాళ్ళలో స్కోరును కర్ర మీద గాట్లు పెట్టి లెక్కించేవారు కనుక వాటిని గాట్లు అనే అర్థమున్న నాచ్ మాటతో పిలిచేవారు, తర్వాత రన్ అన్నారు. తెలుగు పత్రికలు దాన్ని పరుగు చేశాయి, బంతి గాల్లోనే గీత దాటి బ్యాటర్లు అడుగు కదపకపోయినా ఆరు పరుగులే. జ్వరం వస్తే ఇంగ్లీషులో ఒంటి వేడి రన్ అవుతుంది, మనకు జ్వరం కాస్తుంది, ఎండ కాసినట్టే, వెన్నెల కాసినట్టే, చెట్టు కాసినట్టే.

రన్ తెలుగు ఇళ్ళలోకి వచ్చిన తీరు గమనిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. క్రియగా తిన్నగా రాలేదు, ఎక్కువగా రన్నింగ్ అనే రూపంలో వచ్చింది. కదులుతున్న బస్సు రన్నింగ్ బస్సు. క్లాసులో మాస్టారు చెబుతుండగా రాసుకునేవి రన్నింగ్ నోట్స్. తాపీమేస్త్రీ, వడ్రంగి లెక్క కట్టేది రన్నింగ్ మీటర్లలో. చీర కొనేటప్పుడు ఆడవాళ్ళు అడిగేది రన్నింగ్ బ్లౌజు ఉందా అని. చీరతోపాటే నేసి, కోసుకుని కుట్టించుకునే రవికె గుడ్డ అది. ఈ వాడుకల్లో ఒకటి రెండు ఇంగ్లండులో పుట్టిపెరిగినవాడికి చెప్పినా అర్థం కాకపోవచ్చు. అంటే మన జనం కూడా ఆ మాటకు కొత్త పని నేర్పారు. దీన్ని భాష చెడిపోవడమనడం తొందరపాటు. నేతపని, కుట్టుపని, తాపీపని చేసుకునే చోట తమ అవసరానికి అందిన మాటను పట్టుకుని పనిలో పెట్టుకున్నారు. అచ్చంగా ఇలాగే ఇంగ్లండులో ఆ 645 అర్థాలు పెరిగాయి.

అయితే ఆలోచించవలసిన సంగతి ఒకటుంది. పూర్వం పరభాషా క్రియలు వస్తే తెలుగు వాటిలో చాలావాటికి ఇంచు చేర్చి తన ఇంటివాటిని చేసుకుంది. సంస్కృతం నుంచి చరించు, ప్రవర్తించు, నిర్వహించు వచ్చాయి. హిందుస్తానీ నుంచి దబాయించు, బనాయించు వచ్చాయి. నడపడం అనే అర్థమున్న చలానా నుంచి చలాయించు వచ్చింది. అధికారం చలాయించాడు అంటే అది రన్ చేయడమే. ఇప్పుడు చలాయించు పరాయి మాటని ఎవరికీ అనిపించదు. చలాయిస్తాడు, చలాయించాడు, చలాయించబోతాడు అని ఎన్ని రూపాలైనా తిప్పుకుంటాం. ఇంగ్లీషు క్రియలకు ఆ చనువు దక్కలేదు. అవి రన్ చేయు, రన్ అవు అని పక్కన చేయూతతో గుమ్మం దగ్గరే నిలబడి ఉంటాయి. పని భారమంతా చేయు, అవు అనే రెండు క్రియల మీద పడుతోంది. ఆ భారం పెరిగిన కొద్దీ ఆడు, పారు, నడుపు, తిప్పు, సాగు వంటివాటికి కొత్త పని దొరకడం లేదు. మిల్లును ఆడించిన భాష కంప్యూటర్ ప్రోగ్రామును ఆడించలేదు. రైలును నడిపిన భాష యాప్‌ను నడపడానికి ఎందుకో మొగమాటపడింది. పరభాషా పదం వచ్చినందుకు బాధ లేదు. మన క్రియలు పనిలేక కూర్చోవడమే బాధ. పని దొరకని క్రియకు అర్థాలు పెరగవు, ఉన్న అర్థాలు కూడా ఒక తరం తర్వాత ఒకటి రాలిపోతాయి.

బడిలో ఇంగ్లీషు చెప్పే తీరుతో కూడా దీనికి సంబంధం ఉంది. రన్ అంటే పరుగెత్తు, టేక్ అంటే తీసుకొను, పుట్ అంటే ఉంచు అని పట్టికలు రాయించి ఒప్పజెప్పించడం మనకు అలవాటు. ఆ పిల్లవాడు పై తరగతికి వెళ్ళాక, ఒకాయన కొట్టు రన్ చేస్తున్నాడన్న వాక్యం ఎదురైతే తడబడతాడు. తనకు ఇంగ్లీషు రాదేమోనని భయపడతాడు. లోపం అతడిది కాదు. ఒక్క మాటకు ఒక్క మాట అని చెప్పిన పాఠానిది. పోటీ పరీక్షల శిక్షణలో ఇదే తప్పు మరో రూపంలో సాగుతుంది. రన్ ఇంటూ, రన్ ఓవర్, రన్ డౌన్, రన్ త్రూ అంటూ వందల జంటలను, పక్కన అర్థాలతో, వాక్యమన్నది లేకుండా వల్లె వేయిస్తారు. క్రియ అర్థం దానిలో సగమే ఉంటుంది. మిగతా సగం దాని పక్కన కూర్చున్న మాటలో ఉంటుంది. నీటి పక్కన రన్ ఒకటి, యంత్రం పక్కన మరొకటి, కొట్టు పక్కన ఇంకొకటి.

తెలుగు పిల్లలకు ఇది అర్థం కావడం ఏమంత కష్టం? పాలు విరిగాయి, కర్ర విరిగింది, మనసు విరిగింది అన్న మూడు వాక్యాలూ వాళ్ళు పుట్టినప్పటి నుంచీ వింటున్నారు. పడు ఒక్కటే చాలు. వాన పడుతుంది, కాలు జారి పడతారు, కష్టపడతారు, భయపడతారు, ఇష్టపడతారు, నిద్ర పడుతుంది, పద్యం నోట పడుతుంది, ఇద్దరికీ పడదు, బస్సుకు గంట పడుతుంది. ఈ జ్ఞానం వాళ్ళ దగ్గర సిద్ధంగా ఉంది. ఇంగ్లీషు మాస్టారు ముందు పదినిమిషాలు పడు గురించో ఆడు గురించో మాట్లాడి, మీ భాషలో చిన్న క్రియ ఇన్ని పనులు చేస్తుంది కదా, వాళ్ళ భాషలో కూడా అంతేనని చెప్పి, ఆపైన రన్ పాఠం మొదలుపెడితే ఆ పాఠం నిలుస్తుంది. మాతృభాష బలం ఇంగ్లీషుకు అడ్డు వస్తుందన్న అపోహ కూడా తరగతి గదిలోనే తొలగుతుంది.

చివరగా నిఘంటువు మాట. ఆక్స్‌ఫర్డ్ వారి తొలి భాగం అచ్చయిన 1884లోనే లండన్‌లో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కన్నుమూశాడు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852 నాటిది. జనం నోటి మాటకు చోటిచ్చిన ఆ గ్రంథం నేటికీ మనకు దిక్కుగా ఉంది. తర్వాత 1885లో బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం వచ్చింది. పిఠాపురం మహారాజా పోషణతో సాగిన సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటం 1936లో వెలువడింది. అందులో కావ్యాల నుంచి ప్రయోగాలు చూపారు. అది మహత్తరమైన పనే గాని, దాని చూపు ఎక్కువగా కావ్యాల మీదే నిలిచింది. భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో తెలుగు ధాతువులను శాస్త్రీయంగా పరిశీలించిన గ్రంథం ప్రచురించారు. మరుసటి ఏడే ఆయన సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటంగా వ్యవసాయ పదాలు వచ్చాయి. జిల్లా జిల్లాకూ వెళ్ళి రైతుల నోట విని రాసుకున్న మాటలవి. 1971లో చేనేత సంపుటం వచ్చింది. పట్టుదల ఉంటే ఈ పని మన దగ్గరా జరుగుతుందనడానికి అవి సాక్ష్యాలు.

మనకు లేనిది తేదీలతో కూడిన చరిత్ర. మిల్లు ఆడింది అని అచ్చులో మొదట ఎప్పుడు కనిపించింది, రైలు నడిచింది అని ఎవరు రాశారు, సినిమా ఆడింది అన్న మాట ఏ సంవత్సరం పత్రికలో పడింది, ఇవన్నీ వెతికితే దొరికేవే. 1902లో బందరులో మొదలైన కృష్ణా పత్రిక, 1908లో బొంబాయిలో మొదలైన ఆంధ్రపత్రిక, 1926లో హైదరాబాద్‌లో మొదలైన గోలకొండ పత్రిక పాత సంచికలు అందుకు గనులు. తొలి అడుగుగా వెయ్యి పెద్ద పదాలు అక్కర్లేదు. పడు, పెట్టు, కొట్టు, వేయు, ఆడు, పారు, నడుచు, కాయు, పట్టు వంటి కొద్ది క్రియలు చాలు. రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లోని తెలుగు శాఖలు తలా ఒక క్రియను పంచుకుని, విద్యార్థుల చేత పాత పత్రికలు, కథలు, రికార్డులు వెతికించి, దొరికిన ప్రతి వాక్యాన్నీ తేదీతో నమోదు చేయించాలి. దీనికి కావలసింది కోట్లు కాదు. ఏళ్ళ తరబడి ఆగకుండా సాగే శ్రద్ధ. ప్రభుత్వాలు మారినా ఆగని ఏర్పాటు.

పాఠకులు కూడా ఇందులో పాలుపంచుకోవచ్చు. ముర్రేకు చీటీలు పంపినవారంతా పండితులు కారు, పుస్తకం చదివే అలవాటున్న మామూలు మనుషులు. మీ ఇంట్లో పెద్దవాళ్ళున్నారు. వరి కోతల గురించో, మగ్గం గురించో, చేపల వేట గురించో వాళ్ళు మాట్లాడుతుంటే వినండి. మీకు కొత్తగా తోచిన క్రియ వినిపిస్తే ఆ వాక్యాన్ని అలాగే, మార్చకుండా, ఒక కాగితం మీద రాయండి. ఊరి పేరు, చెప్పినవారి వయసు, ఆనాటి తేదీ వేయండి. ఆ కాగితాలను దగ్గరలోని కళాశాల తెలుగు అధ్యాపకులకు అందజేయండి.